పీచుకి కుదిరిన సంబంధం

మా అత్త అప్పలనరసమ్మ కుక్కలకి సంబంధాలు కుదురుస్తుంది. మనుషులకి పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లకి చీరో పంచో పెడతారు. ఈవిడకి ఎవరూ ఏమీ పెట్టరు. నాకు మాత్రం ఆటో నిండా కుక్క వెంట్రుకలు మిగులుతాయి. అత్త అంటే వరసకి అత్త కాదు, మా వీధి చివర ఇల్లు. ఒకసారి అల్లుడా అని పిలిచి పని చెప్పింది. అప్పట్నుంచి ఆ పిలుపూ ఆగలేదు, ఆ పనులూ ఆగలేదు.

నా పేరు ప్రేమ్‌కుమార్. ఆవిడ నోట్లో పేమూ. వజ్రపుకొత్తూరు పక్కన తీరం ఊళ్ల నుంచి డయాలసిస్ వాళ్లని పలాస ఆసుపత్రికి తీసుకెళ్లి మళ్లీ ఇళ్లకి చేర్చే ఆటో నాది. మా ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి బయటివాళ్లు వచ్చి అడిగి రాసుకుని పోతుంటారు. నేనైతే ఎవరికీ ఏమీ చెప్పను, నాకు ఒళ్లు మండుతుంది. ఏ ఇంటి ముందు ఆపాలో, ఎవరిని చెయ్యి పట్టి ఎక్కించాలో, చెయ్యి పడితే ఎవరికి కోపం వస్తుందో నాకు తెలుసు. ఒకరి సీటు ఖాళీ అవుతుంది. కొన్నాళ్లకి ఇంకొకరు వచ్చి అక్కడ కూర్చుంటారు.

అత్త కూడా పొద్దున్న నా ఆటోలోనే ఎక్కుతుంది. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పని ఆవిడది. జీడి రసం పట్టి వేళ్లు నల్లగా ఉంటాయి, ఎంత తోమినా ఆ నలుపు పోదు. ఆవిడ మొగుడు అప్పలస్వామి మావ కూడా ఒకప్పుడు నా ఆటోలో డయాలసిస్‌కి వెళ్లిన మనిషే. ఆయన పోయాక అత్త చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి చెట్లనీ జీడితోటలనీ పడుకోబెట్టేసి పోయింది. మనుషులకి ఎవరెవరో వచ్చి బియ్యం, టార్పాలిన్లు పంచారు. తోట కాపలాకి పెంచిన కుక్కల సంగతి ఎవరికి పట్టింది? కాయడానికి తోట లేదు, పెట్టేవాళ్ల దగ్గర కూడు లేదు. అవి రోడ్డున పడ్డాయి. అత్త వాటిలో ఒకదాని మెడకి పాత చీర పేలిక కట్టి తీసుకొచ్చింది. పక్క ఊళ్లో ఒక ఇల్లు చూసి అక్కడ అప్పగించింది. ఆ రోజు ఆవిడ నోరు తెరిచి మాట్లాడడం నేను చాలా కాలానికి విన్నాను. అదే మొదలు.

ఎవరైనా కుక్క కావాలని వస్తే ఆవిడ వెంటనే ఇవ్వదు. చెప్పాపెట్టకుండా వాళ్లింటికి భోజనాల వేళకి పోతుంది. లోపలికి రమ్మన్నా రాకుండా అరుగు మీద కూర్చుంటుంది. ఎవరు ముందు తింటున్నారు, ఎవరు చివర తింటున్నారు, కంచంలో మిగిలింది ఎక్కడికి పోతోంది, అవే చూస్తుంది. ఆ ఇంట్లో అందరికంటే చివర తినే మనిషికే కుక్కని అప్పగిస్తుంది.

"అడిగినోడికి సరదా అల్లుడా. సివర్న తినేవోళ్లకి ఆకలంటే ఏటో తెలుస్తాది" అంటుంది.

టెక్కలి నుంచి హేమలత అని ఒక లెక్చరరమ్మ వచ్చి, కూతురి పుట్టినరోజుకి బొచ్చు కుక్కపిల్ల కావాలంది. అత్త వాళ్లింటికి వెళ్లి చూసి, కుంటుతున్న ముసలి ఆడకుక్కని తీసుకెళ్లి ఆ లెక్చరరమ్మ అత్తగారి చేతిలో పెట్టి వచ్చేసింది. తిట్లు నాకు పడ్డాయి, ఫోన్ నంబరు నాది కాబట్టి. ఇప్పుడు ఆ ముసలమ్మా ఆ కుక్కా ఒకే మంచం మీద కూర్చుని సీరియల్ చూస్తారట. ఇంకొకాయన తోటలోకి ఎలుగుబంట్లు వస్తున్నాయి, గట్టి కుక్కనివ్వండి అని అడిగాడు. "ఎలుగొత్తే నువ్వు ఇంట్లో దూరి తలుపేసుకుంతావు. దానికి తలుపేదీ?" అని పంపేసింది. ఆవిడ కుదిర్చిన సంబంధం ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ గర్వం ఆవిడకి ఉండేది, కొంచెం ఎక్కువే ఉండేది. పీచు వచ్చాక అది పోయింది.

పీచు మా అప్పన్న బావ కుక్క. కొబ్బరి పీచు రంగులో ఉంటుంది, అందుకే ఆ పేరు. బావకి జబ్బు బయటపడ్డ ఏడాదే కొబ్బరి డొక్కల కుప్ప పక్కన కూనగా దొరికింది. పాలు మానాక అది తిన్నదంతా ఆయన కంచంలోదే. జబ్బు మనిషి కూడు ఎలా ఉంటుందో మా ఊళ్లలో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. ఉప్పు ఉండదు. నీళ్లు కొలిచి తాగాలి. కొబ్బరితోట మధ్య కాపురముంటూ కొబ్బరినీళ్లు ముట్టకూడదు. వేరే గిన్నెలో వేరేగా వండిన చప్పటి అన్నం, చప్పటి ఆనపకాయ కూర. బావ ఒక ముద్ద తిని ఒక ముద్ద పీచుకి పెట్టేవాడు. మధ్యాహ్నం నా ఆటో వచ్చేసరికి ఆ కుక్క ఊరి మొదట్లో నిలబడి ఉండేది. బావ దిగేదాకా అరిచేది కాదు, తోక కూడా ఆడించేది కాదు. ఆయన కాలు నేల మీద పెట్టాక అప్పుడు మొదలుపెట్టేది.

అప్పన్న బావ పోయిన వేసవిలో పోయాడు. కర్మ రోజున నేనూ వెళ్లాను. తోట చివర అరిటాకులో పిండం పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకి రావాలి. అందరూ చెట్ల మీదకి చూస్తుంటే పీచు మనుషుల కాళ్ల మధ్యలోంచి పోయి ఆకు దగ్గర కూర్చుంది. వాసన చూసింది. రోజూ తిన్నట్టే, కంగారు లేకుండా, శుభ్రంగా తినేసింది.

అక్కడ జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పెద్దవాళ్లు కొబ్బరి మట్టలు పట్టుకున్నారు. చచ్చిపోయినవాడి నోటి దగ్గర కూడు లాక్కుందని, ఇక ఆయనకి గతి లేదని, ఇది ఇంట్లో ఉంటే ఇంకొకరు పోతారని అన్నారు. కుక్కకి కాలు వాచిపోయింది. బావ భార్య బొడ్డమ్మక్క మూల కూర్చుని ఉంది, ఆ రోజు ఆవిడ మాట ఎవరు వింటారు? సందు చూసి నా చెయ్యి పట్టుకుంది.

"తమ్ముడా, అప్పలనరసమ్మతో సెప్పు. ఈడికి ఎక్కడో ఒక ఇల్లు సూడమను. నాకిక్కడ ఉంచుకునే రాత నేదు. ఆయన సొంత సేతులతో పెంచినాడు ఈడిని. సంపీకండి."

అలా పీచు నా ఆటో ఎక్కింది. అత్త దాని కాలికి పసుపు పట్టు వేసింది, వీపు నిమిరింది, నాలుగు రోజులు చూసింది. తిండి సరిగా ముట్టకపోవడం దెబ్బ నొప్పికే అనుకుంది. మంచి కుక్క, నిదానం కుక్క, సంబంధం ఇట్టే కుదురుతుంది అంది. మందస రోడ్డులో శ్యాంసుందర్ అనే రైతుకి జీడితోట ఉంది, వాళ్లమ్మ ఇంట్లో అందరికంటే చివర తింటుంది. అక్కడ ఇచ్చింది. వారం తిరక్కుండానే శ్యాంసుందర్ స్వయంగా బండి మీద తీసుకొచ్చాడు. తప్పు చేసినవాడిలా నిలబడి, "తిండి ముట్టడం నేదు పిన్నీ. మాయమ్మ కూడా తినడం మానీసింది దీన్ని సూసి" అన్నాడు.

అత్త మొదటిసారి ఒక కుక్కని వెనక్కి తీసుకుంది. ఆ మర్నాడే దాన్ని ఆటో ఎక్కించింది. పలాసలో పశువుల డాక్టరుకి చూపించాం. జ్వరం లేదు, దెబ్బ మానుతోంది, బెంగ పెట్టుకుంది అన్నాడు. సూది వేశాడు. బెంగ అయితే మనుషులు ఎక్కువున్న ఇల్లు కావాలని అత్త మూలపేటలో ప్రమోదిని అనే ఆవిడ ఇల్లు చూసింది. పిల్లలు, కోళ్లు, మేకలు, రోజంతా సందడి. వాళ్లు చేప పులుసు కలిపి పెట్టారు, రొయ్యలు వేసి పెట్టారు. పీచు వాసన చూసి మొహం తిప్పుకునేది. నీళ్లు తాగేది, అంతే. అక్కడి నుంచి కూడా ఫోన్ వచ్చింది.

తీసుకురావడానికి నేను ఒక్కణ్ణే వెళ్లాను. చేతుల్లో ఎత్తుకుంటే బరువే లేదు. అత్త తన ఇంట్లో పెట్టుకుని కోడి కూర వండింది, పక్కన కూర్చుని ముద్దలు చేసి నోటి దగ్గర పెట్టింది. అది పళ్లు బిగించుకుంది. ఆవిడ వండుకున్న కూర తనూ తినలేదు. ఇల్లు కుదరకపోతే పోనీ, ఇది చచ్చిపోతుంది, ఇప్పుడు భయం అది.

"బొడ్డమ్మకి మాటిచ్చినాను పేమూ" అంది. "ఏటి సెప్పను దానికి?"

ఇంకోసారి డాక్టరుకి చూపిద్దామని మర్నాడు దాన్ని ఆటోలో నా సీటు వెనక పడుకోబెట్టాం. డాక్టరు లేడు. మధ్యాహ్నం డయాలసిస్ అయినవాళ్లు ఎక్కారు, అందులో కూర్మయ్య మావ ఉన్నాడు. ఈయన సముద్రం మనిషి. తెప్ప మీద పోయిన రోజుల నుంచి బోటుకి మోటారు పెట్టిన రోజుల దాకా వేటకి వెళ్లాడు. ఇంట్లో ఆడవాళ్లది ఎండుచేపల పని. భార్య ఉన్నన్నాళ్లూ ఆవిడ, ఆ తర్వాత కోడలు విజయకుమారి చేపలకి ఉప్పు రాసి ఇసకలో వలల మీద ఆరేస్తారు. వాకిట్లో ఉప్పు బస్తా ఎప్పుడూ ఉంటుంది. అలాంటి ఇంట్లో మనిషికి ఉప్పు తినొద్దని చెప్పారు.

"ఉప్పులోనే పుట్టినాను, ఉప్పులోనే పెరిగినాను" అనేవాడు నాతో. "ఇప్పుడు దాని మొకం సూడొద్దంతన్నారు. ఒక్క ఎండు సేప ముక్క, పేమూ. ఒక్క ముక్క నాకితే సాలు, నాను పోయినా పరవానేదు."

అలాంటి మాటలు వద్దు మావా అని నేను కసిరేవాణ్ణి.

ఆ రోజు దారిలో నీరసంగా ఉందని కోడలు కట్టిచ్చిన బాక్సు విప్పాడు. చప్పటి అన్నం, చప్పటి బీరకాయ. వెనక పడుకున్న పీచు తల ఎత్తింది. ముందుకాళ్ల మీద పాక్కుంటూ ఆయన కాళ్ల దగ్గరికి వచ్చి, గడ్డం ఆయన మోకాలి మీద పెట్టింది. మావ ఒక ముద్ద పెట్టాడు. తింది. ఇంకోటి పెట్టాడు, తింది. అలా బాక్సు ఖాళీ అయింది. నేను బండి పక్కకి ఆపేశాను.

"నాకే గొంతు దిగడం నేదు ఈ కూడు" అన్నాడు కూర్మయ్య మావ. "ఈడికేటి రుసో."

అత్త చూస్తూ చూస్తూ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. "అప్పన్న కంచంలో కూడు ఇదే కదరా" అంది. "ఈడు పుట్టి ఉప్పెరగడు. ఆ పిండం తిన్నాడంటే ఏటి, ఉప్పు నేని కూడు కదా పిండం. వోళ్ల నాన్న కంచమనుకున్నాడు. దానికి మట్టలతో కొట్టినారు."

సంబంధం ఎక్కడ కుదురుతుందో ఆటోలో ఉన్న అందరికీ తెలిసిపోయింది. అత్త మాత్రం సంతోషపడలేదు. ఆవిడ ఇన్నాళ్లూ చూసిన లెక్క వేరు. కుక్కని ఇచ్చే ఇల్లు నిలబడే ఇల్లు కావాలి, పుచ్చుకున్న మనిషి దాని ఆయుష్షు కంటే ఎక్కువ ఉండాలి. ఒక జబ్బు మంచం దగ్గర్నుంచి లేపి ఇంకో జబ్బు మంచం దగ్గర కూర్చోబెట్టడం సంబంధమా అని నన్నడిగింది. బతకాలి కదా అత్తా ముందు అన్నాను.

ఆ ఇంటికి ఆవిడ భోజనాల వేళకే వెళ్లింది, నేనూ వెళ్లాను. కూర్మయ్య మావ అందరికంటే ముందు తిన్నాడు, అంటే తిన్నట్టు చేశాడు. సగం పైన కంచంలో వదిలేశాడు. విజయకుమారి దాన్ని తీసుకెళ్లి పెంట మీద పడేసింది. పోర్టు పనుల్లో లారీ నడిపే మొగుడికి క్యారేజీ కట్టింది, చేపలు తిరగేసి వచ్చింది, అందరికంటే చివర తను తింది. కుక్క సంగతి చెప్పగానే కంచం పక్కన పెట్టి లేచింది.

"పిన్నీ, ఆడు పిండం తిన్న కుక్క. ఊరంతా సెప్పుకుంతన్నారు. మా మావ ఉన్న ఇంటికి తెత్తావేటి? మా మావ పిండం కోసం వచ్చి కూకుంతాడేటి?"

ఆ మాటలో ద్వేషం లేదు, భయం ఉంది. మంచం మీంచి కూర్మయ్య మావే అన్నాడు. "నాను ఒగ్గీసింది పెంట మీద పారేత్తన్నావు కదమ్మా. అదే ఈడికి పెట్టు. ఇంకేటీ వొద్దు."

ఆయన ఆ ఇంట్లో ఏదీ అడిగే మనిషి కాదట. అందుకే విజయకుమారి ఒప్పుకుంది. వాకిలి దాటి లోపలికి రాకూడదని మాత్రం అంది. వారం పోయాక నేను చూసేసరికి పీచు మంచం కింద పడుకుని ఉంది, తోసేవాళ్లు లేరు. ఎందుకంటే మావ తింటున్నాడు. నేను తినకపోతే వీడు తినడు అని మొదలుపెట్టి కంచం ఖాళీ చేస్తున్నాడు. నాకొకటి, నీకొకటి. పెంట మీదకి ఏమీ పోవడం లేదు. మామగారి బుగ్గలు కొంచెం నిండాయని విజయకుమారి నాతో రహస్యంగా చెప్పింది, గట్టిగా చెబితే దిష్టి అని.

ఆ వానాకాలమంతా నా ఆటో వెనక్కి వచ్చేసరికి పీచు వాళ్ల ఊరి మొదట్లో నిలబడి ఉండేది. పాత పద్ధతే, ఆయన కాలు నేల మీద పెట్టేదాకా తోక కదిలేది కాదు. దాన్ని చూడగానే ఆటోలో జబ్బువాళ్లందరూ నవ్వేవాళ్లు. నా ఆటోలో నవ్వు వినపడటం చాలా అరుదు.

ఒకరోజు మావ అత్తని అడిగాడు, ఆటోలో, అందరి ముందూ. "నాను పోయినాక ఈడినెక్కడ ఇత్తావు, సెప్పు."

"ఊరుకో అన్నా."

"ఊరుకోడం కాదు. ఉప్పు తినడు. మళ్లీ నాలాంటోడి మంచమే ఎతుకుతావా? ఆడూ పోతాడు. ఇంకోడినెతుకుతావా? ఎంతమందిని పోగొట్టుకోవాలమ్మా ఈడు?"

అత్త తల వంచుకుని నల్లటి వేళ్లు చూసుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకి, మావని దింపి లోపలిదాకా తీసుకెళ్లినప్పుడు ఆ ఇంట్లో ఒక కొత్త తంతు చూశాను. మావ ఎప్పటిలాగే ముద్దలు చేస్తున్నాడు, కానీ పెట్టడం లేదు. ఒక ముద్ద కోడలి చేతిలో పెట్టాడు. "సిటికెడు కూడా కాదమ్మా. ఒక్క పలుకు. నలిపి కలిపీ" అన్నాడు. విజయకుమారి వాకిట్లో బస్తాలోంచి ఒక్క ఉప్పు పలుకు తెచ్చి ముద్దలో నలిపింది. పీచు ముందుకొచ్చింది, ఆగింది, మావ మొహం చూసింది. ఎండుచేపల చెయ్యి అంటే దానికి మొదటి నుంచీ గిట్టదు. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. చాలాసేపటికి అది ఆ చేతిలోది తింది.

అప్పుడు నాకు అర్థమైంది. బయటికొచ్చి ఆటో తుడిచాను, తుడవాల్సిన అవసరం లేకపోయినా.

కొద్దికొద్దిగా ఉప్పు పెరిగింది. ముందు ఒక ముద్దకి, తర్వాత అన్ని ముద్దలకీ. పీచు కొన్ని రోజులు మానేసేది, మళ్లీ మొదలుపెట్టేది. మానేసిన రోజున మావ కూడా తినేవాడు కాదు, కానీ తన కంచంలోది పెట్టేవాడు కాదు. పెట్టొద్దని తన చేతిని తానే ఒడిలో పట్టుకుని కూర్చునేవాడని విజయకుమారి చెప్పింది. ఉప్పు అలవాటైన కొద్దీ ఆ కుక్క ఆవిడ వెనక తిరగడం మొదలుపెట్టింది. చేపలు ఆరేసే చోట కాకుల్ని తరిమేది. ఆవిడ నూతి దగ్గరికి వెళితే వెంట వెళ్లేది. ఆవిడ తినేదాకా గడపలో కూర్చునేది. ఆ ఇంట్లో చివర తినేవాళ్లు ఇప్పుడు ఇద్దరయ్యారు.

మార్గశిరంలో ఒక మధ్యాహ్నం ఆటో ఊరి మొదట్లోకి వచ్చేసరికి పీచు లేదు. మావ తల బయటికి పెట్టి చూశాడు. నేను ఇంటి ముందు ఆపాను. అది వాకిట్లో విజయకుమారి పక్కన పడుకుని ఉంది, ఆవిడ చేపలు ఏరుతోంది. తల ఎత్తి చూసి, తోక రెండుసార్లు నేలకి కొట్టి, మళ్లీ పడుకుంది.

"సూసినావా పేమూ" అన్నాడు మావ. "నన్ను ఇడిసీసింది. మంచిదే. నాకు కావలసిందదే."

మంచం మీద పడుకోబెట్టాను. ఆయన గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. నేను దుప్పటి కప్పి, చెప్పులు మంచం కింద సర్ది, వెళ్లొస్తాను మావా అన్నాను. ఆయన చెయ్యి మాత్రం కొంచెం ఎత్తాడు.

సంక్రాంతి పండగ వెళ్లిన తర్వాత ఒక ఉదయం నేను హారన్ కొడితే విజయకుమారి బయటికి వచ్చి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. చెప్పకపోయినా ఆ చెయ్యి ఊపడం మా డ్రైవర్లకి తెలుసు.

కర్మ రోజున అత్త పనికి పోకుండా వచ్చింది. సముద్రం ఒడ్డున, ఇసకలో, ఆకులో పిండం పెట్టారు. అందరం వెనక్కి జరిగాం. కాకులకేం తక్కువ లేదు, ఒడ్డంతా కాకులే. కానీ అవి ఆ ఆకు వైపు చూడటమే లేదు. కాస్త అవతల వలల మీద ఎండుచేపలు ఆరేసి ఉంటే చప్పటి అన్నం ఏ కాకికి కావాలి? ఈ మాట నేను లోపల అనుకున్నాను, బయటికి అనలేదు. పెద్దవాళ్లు మాత్రం కోరిక ఏదో మిగిలిపోయిందన్నారు. కొడుకు దణ్ణం పెట్టి, ఇల్లు చూసుకుంటాను నాన్నా అన్నాడు. కాకి రాలేదు. పడవ అమ్మను అన్నాడు. రాలేదు. ఎండ ఎక్కుతోంది.

పీచు విజయకుమారి పక్కనే కూర్చుని ఉంది, తాడు లేదు. అది ఆకు వైపు పోతుందేమోనని కొందరు దాన్నే చూస్తున్నారు. అత్త వేళ్లు నా చేతి మీద బిగుసుకున్నాయి. పీచు లేచింది. నాలుగడుగులు వేసి ఆకు దగ్గరికి పోయింది, వాసన చూసింది. ఒకప్పుడు అన్ని ఇళ్లలో తిండి చూసి తిప్పుకున్నట్టే మొహం తిప్పుకుని, వెనక్కి వచ్చి విజయకుమారి కాళ్ల దగ్గర కూర్చుంది.

"బుద్దిగల కుక్క" అన్నారెవరో. "ముట్టనేదు సూడు."

ఆ మాటతో విజయకుమారి ఏడుపు కట్టలు తెంచుకుంది. అన్నాళ్లూ బిగబట్టుకున్న మనిషి, ఇసకలో చతికిలబడి మావా మావా అని ఏడ్చింది. తర్వాత లేచి, ఎవరేమంటున్నారో వినకుండా ఇంటి వాకిట్లోకి వెళ్లింది. గుప్పెట మూసుకుని వచ్చింది. పిండం ముందు కూర్చుని గుప్పెట విప్పి, అందులో ఉన్న ఉప్పు దాని మీద చల్లి, వేళ్లతో మెల్లగా నలిపి కలిపింది, రోజూ ముద్దలో కలిపినట్టే.

"ఇంక ఏ డాట్టరూ తిట్టడు మావా" అంది. "తిను. కడుపు నిండా తిను."

పక్కన వలల మీంచి ఒక ఎండుచేప తెమ్మని మొగుడికి చెప్పింది. ఆయన తెచ్చి ఆకులో పెట్టాడు. అప్పుడు ఆవిడ తల తిప్పి పీచుని పిలిచింది. ఇంట్లోకి రానివ్వనన్న మనిషి, మా మావ పిండం కోసం వస్తాడేటి అన్న మనిషి, "రా నాన్నా, వచ్చి తిను. నువ్వు తింటే మావ తిన్నట్టే" అంది. పీచు వెళ్లింది. ఆవిడ చేతి పక్కన నిలబడి, కంగారు లేకుండా శుభ్రంగా తింది. ఎవరూ మట్ట ఎత్తలేదు. పెద్దవాళ్లు సముద్రం వైపు చూశారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్తా నేనే. పీచుకి సంబంధం కుదిరినట్టే అత్తా, ఇక నీకు దిగులు లేదు, బొడ్డమ్మక్కకి కబురు పెడతాను అన్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ నల్లటి వేళ్లు ఒడిలో పెట్టుకుని వాటినే చూస్తోంది.

"మీ మావ పిండంలో నాను ఉప్పెయ్యనేదురా పేమూ" అంది, అప్పలస్వామి మావని తలుచుకుని. "పోయినోడికి కూడా పత్తెం కూడే పెట్టీసినాను."

ఆటో జీడితోట పక్కన ఆపాను. ఆవిడ ఏడ్చినంతసేపూ ఇంజను ఆపి కూర్చున్నాను.